వాడపల్లి రేవులో నల్లకోటు సాక్షులు

కొత్తపేటలో ప్రొఫెసర్ బాలగంగాధరం గారిని సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చేశారు. పక్కనే ఆయన పెంపుడు ఊరకాకి కూడా చచ్చి పడి ఉంది. కాకుల బోనులో డిపార్టుమెంటు దాచిన రాడార్ మైక్రోఫిల్మ్ మాయం!

"ప్రొఫెసర్ గారి పదోరోజున ఫిల్మ్ వాడపల్లిలో లాంచీ ఎక్కుతుంది మోషే," అన్నాడు చీఫ్. "ఎక్కించేదెవరో తెలీదు. నాగమణి నీతో వస్తుంది."

నాగమణి: జార్జెట్ చీర, నల్లకళ్ళద్దాలు, కోడ్‌నేమ్ కోబ్రా. పేరులోనే పడగుందని గూఢచారి రాజోలు మోషేకి తట్టలేదు.

రేవులో పిండం పెట్టారు. చెట్టు నిండా ఊరకాకులే. ఒక్కటీ దిగదు, ఒక్కటీ అరవదు.

"ఏం కోరిక మిగిలిపోయిందండీ మీకు?" అని గాలిని అడిగారు ప్రొఫెసర్ గారి భార్య కామేశ్వరమ్మ గారు. తర్వాత మోషే వైపు తిరిగారు. "మాటివ్వండి బాబూ, అప్పుడైనా ముట్టుకుంటాయేమో."

"ఆయ్, చంపినవాళ్ళని పట్టిస్తానండీ!" అని చెట్టుకేసి అరిచాడు మోషే.

కాకులు కదల్లేదు. లాంచీ కూత వేసింది. నాగమణి కన్నీళ్ళు తుడుచుకోడానికి అద్దాలు తీసింది.

చెట్టంతా ఒక్కసారిగా ఆమె మీద పడింది!

పడవ అంచున బొంతకాకుల జంట మాత్రం నిమ్మళంగా చేప తింటోంది. ప్రొఫెసర్ గారు బతికుండగా చెప్పిన మాట మోషే చెవిలో వినిపించింది: "బొంతకాకీ ఊరకాకీ రెండూ ఒకే కుటుంబమండీ. మెదళ్ళు పక్కపక్కన పెడితే తేడా పట్టలేం. కాకిని చంపిన ముఖాన్ని చూస్తే బొంతకాకి తన మటుకు గుర్తు పెట్టుకుంటుంది. ఊరకాకి ఊళ్ళన్నిటికీ నేర్పుతుంది. ఆ నేర్పు మెదడులో ఏ మూలనుందో వెతుకుతున్నానండీ."

ఈ కాకులు కొత్తపేట కాకులు కావు. అయినా వీటికి నేర్పు అందింది.

నాగమణి లాంచీకేసి పరిగెత్తింది. లాంచీ నడిపే సరంగు తాడు విప్పేశాడు. ఆమె కాలు బల్ల మీద పడేలోగా మోషే జడ దొరకబుచ్చుకున్నాడు. ఆమె చేతిలోని లిప్‌స్టిక్ గొట్టంలోంచి ఫిల్మ్ జారింది.

"ఖాకీలందర్నీ దాటొచ్చానండీ మోషే గారూ," అంది రొప్పుతూ. "కాకులకి దొరికిపోయాను!"

వెనక చిన్న చప్పుడు. ఒక ఊరకాకి దిగి పిండం ముట్టింది. తల పక్కకి వంచి, ఒంటికన్నుతో మోషేని చాలాసేపు చూసింది. కామేశ్వరమ్మ గారు చెంగు నోట్లో కుక్కుకున్నారు.

ఆ తర్వాత మోషే సన్నాసి వేషం కట్టినా, సోడాబండి తోసినా, ఏ ఊళ్ళోనైనా గోడమీది కాకి తల వంచి అలాగే చూసేది. గూఢచారికి అంతకన్నా పరువు తక్కువ లేదు!