ఏడ్చే ఫిరంగి

మిర్యాలగూడ తొవ్వల పాత కోట ముంగట, చీకటి పడ్డంక ఎవరూ నడవకపోయేది. ఆడ ఒక ఫిరంగి ఉండేది. పోలీస్ యాక్షన్ల రజాకార్ల దగ్గర గుంజుకున్నదట. మిలిటరీ వాళ్లు దాన్ని గెలుపు గుర్తుగ రాతిగద్దె మీద పెట్టి పోయిండ్రు. పగలు పిల్లలు ఎక్కి ఆడేటోళ్లు. రాత్రయితే... అది ఏడుస్తదనేటోళ్లు. ఆడమనిషి గొంతుతోని.

తండా హర్యా ముసలితనంల చెప్పిండు నాకు ఈ సంగతి.

ఫిరంగి వచ్చిన మరుసటేడు, వానకాలం. సూర్యాపేట అంగడి నుంచి హర్యా ఒక్కడే నడిచొస్తుండు. వాగు పొంగి అడ్డదారి మునిగింది. ఇగ కోట తొవ్వే దిక్కు. ఏడాది సంది ఆ తొవ్వ తొక్కలే హర్యా. దెయ్యానికి భయపడ్డడని తండా అంత నవ్వేది.

కోట దగ్గరికొచ్చేసరికి వాన నిలిచింది. మబ్బుల సందుల సన్నటి వెన్నెల — తడిసిన ఫిరంగి నల్లగ మెరుస్తున్నది.

తల వంచుకొని దాటబోయిండు.

"ఇంటున్నవా..."

కాళ్లు ఆడ్నే ఆగినయి. ఆ గొంతు ఫిరంగి లోపట్నుంచి వస్తున్నది — బోలుగ, కుండల మాట్లాడినట్టు.

"మైసయ్యా... ఏడున్నవ్..."

ఆ పేరు హర్యాకు ఎరికే. మెల్లగ గద్దె చుట్టు తిరిగి చూసిండు.

ఫిరంగి నోటికి మొహం ఆనిచ్చి, ఒక ఆకారం నిలబడ్డది. అది ఇటు తిరిగింది.

మనిషే. పొరుగూరి కూలిమనిషి సైదమ్మ. మైసయ్య పెండ్లాం.

"భయపడకయ్యా," అన్నదామె. "మిలిటరోళ్లు ఎడ్లతోని సహా మా ఆయన్ని దీన్ని గుంజనీకి పట్కపోయిండ్రు. ఇది వచ్చింది... ఆయన రాలే. అందుకే దీన్ని అడుగుతున్న."

హర్యా తడి గద్దె మీద కూలబడ్డడు.

"అక్కా... దీన్ని గుంజినోళ్లల్ల నేను సుత ఉన్న."

ఆమె ఫిరంగి ఇడిచి వచ్చి గద్దె అంచున కూసున్నది.

"వాగు దిగుతుంటె మోకు తెగింది. చక్రం ఆయన మీదికెల్లి పోయింది. ఆ ఒడ్డుకే బొందపెట్టినం. నీకు చెప్పనీకి... ధైర్యం సాల్లే."

"అబద్ధం!" అన్నది. మల్ల గుసగుసగ అడిగింది — "పోయేముందు ఏమన్నడు?"

నిన్నే పిలిచిండని చెప్తె బాగుంటదనిపించింది హర్యాకు. కానీ అబద్ధానికి నోరు రాలే.

"ఎడ్లను ఇడువుండ్రి, మునుగుతయి... అన్నడు. గంతే."

సైదమ్మ నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, భుజాలు అదిరేటట్టు నవ్వింది. ఆ నవ్వే ఏడుపైంది.

"ఆయనే. మా ఆయనే గట్లంటడు..."

శానసేపటికి లేచి, ఫిరంగి నోట్ల చెయ్యి పెట్టి ఒక బట్టమూట తీసింది. జొన్నరొట్టె.

"దినాం పెడుతున్న. తెల్లారేసరికి ఉండది. నక్కో, కుక్కో... నేను ఆయనే అనుకున్న." మూట హర్యా చేతిల పెట్టింది. "నువ్వు తిను అన్నా. ఇంక శాన దూరం పోవాలె."

"తిన్నవా?" అని అడిగిన నేను.

"అది మైసయ్య రొట్టె," అన్నడు హర్యా. "అయినా మొత్తం తిన్న. ఆఖరి ముక్క దాక... ఆమె నిలబడి చూసింది."