నాగరత్నమ్మ చెయ్యి

పుత్తూరు బస్టాండు వెనక వీధిలో దొరస్వామి గాజుల అంగడి ఉండేది. అంగడి దొరస్వామిదే అయినా ఆడవాళ్లంతా చంద్రకాంతమ్మ కోసమే వచ్చేవాళ్లు. ఆమె అక్కడ జీతానికి గాజులు తొడిగేది. అరచేతిని మెల్లగా నొక్కి, బొటనవేలు లోపలికి మడిచి, ఇంటి సంగతులు అడుగుతూ తొడిగేస్తే, గాజు మణికట్టుకు చేరిన సంగతి కూడా తెలిసేది కాదు.

అందరికంటే ఎక్కువగా వచ్చేది నాగరత్నమ్మ. వడమాలపేట పక్కన పల్లె ఆమెది. సంతకొస్తే చాలు, గాజులు కొన్నా కొనకపోయినా వచ్చి బెంచీ మీద కూర్చునేది. చెనిక్కాయలు ఒలిచి సగం చంద్రకాంతమ్మ నోట్లో పెట్టేది. చిన్నప్పుడు నాగలి మేడిమీద పడి ఆమె కుడిచేతి ఎముక విరిగింది. కట్టు కట్టించేలోగా ఆలస్యమై వంకరగా అతుక్కుంది. బొటనవేలి మొదట్లో గోళీ అంత బుడిపె. ఇంకెవరు తొడిగినా గాజులు అక్కడ చిట్లేవి. చంద్రకాంతమ్మ చేతిలో మాత్రం ఒక్కటీ చిట్లేది కాదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, ఆ వీధికే కొత్త కోడలుగా మునిలక్ష్మి వచ్చింది. నవ్వుమొహం పిల్ల. రోజూ నీళ్లకు పోతూ వస్తూ అంగడి ముందు ఆగి, "అక్కా, తిన్నావా?" అని పలకరించేది. చంద్రకాంతమ్మకు ఆ పిల్ల మీద మనసు పడింది. కొత్త రకం గాజులు వస్తే ఆమె కోసం పక్కన పెట్టడం మొదలుపెట్టింది.

నాగరత్నమ్మ అది చూసింది. మొదట్లో మొహం తిప్పుకునేది. తర్వాత చెనిక్కాయలు తేవడం మానేసింది. ఒక సంతనాడు మునిలక్ష్మి చేతికి గాజులు తొడుగుతూ చంద్రకాంతమ్మ పకపకా నవ్వుతుంటే, బెంచీ చివర నుంచి లేచి నిలబడింది.

"ఆ పిల్ల చెయ్యి పట్టుకుంటే నీకు లోకం కనపడదే, సంద్రకాంతా."

"అదేందక్కా, సిన్నపిల్ల..."

"నా చెయ్యి వంకరది. దాని చెయ్యి మెత్తంది. అంతే కదా?"

తన చేతి గాజులు అంగడి గడప మీద కొట్టి పగలగొట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

దసరా వెళ్లాక ఆమె మరిది చిన్నబ్బ వచ్చి చెప్పాడు. "వొదిన పోయిందమ్మా. జొరం. కడాకు ఎవురినీ గుర్తు పట్టలే. నీ పేరే అంటా ఉణ్ణింది."

చంద్రకాంతమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

కార్తీకంలో ముసురు పట్టింది. మునిలక్ష్మికి ఏడో నెల. మర్నాడు సీమంతం. గాజులు ఏరుకోవడానికి సాయంత్రం దీపాలు పెట్టే వేళ వచ్చింది. గొడుగు మూసి వాకిట్లో నిలబడిందో లేదో, కరెంటు పోయింది.

"కొవ్వొత్తి తెస్తా, అట్నే ఉండండి," అని దొరస్వామి వానలోకి దిగాడు.

అంగడి నిండా చీకటి. తడిసిన గోనెపట్టాల వాసన. రేకుల మీద వాన చప్పుడు. పైన వేలాడే గాజుల సరాలు గాలికి సన్నగా మోగుతున్నాయి.

బెంచీ కిర్రుమంది.

"కూర్సున్నావా పాపా? సెయ్యి ఇట్లియ్యి. కండ్లు మూసుకోనైనా తొడగతా," అంది చంద్రకాంతమ్మ.

చీకట్లో ఒక చెయ్యి వచ్చి ఆమె చేతిలో వాలింది. చల్లగా ఉంది.

"వానలో తడిసినావా?"

పిల్లకు సిగ్గనుకుని ఆమె నవ్వింది. ఒక గాజు ఎక్కించింది. ఇంకొకటి.

"ఆడపిల్ల పుడితే మొదటి గాజులు నేనే తొడగాల. ఇంకెవురి సేతికీ ఇయ్యొద్దు. పెండ్లిదాకా దాని సెయ్యి నాదే."

ఆ చేతి వేళ్లు మెల్లగా మూసుకున్నాయి. ఆమె వేళ్ల మీద.

"వొదులు పాపా... గాజు సిట్లుతుంది..."

మూడో గాజు ఆగింది. బొటనవేలి మొదట్లో. గట్టిగా... గుండ్రంగా... ఏదో తగిలింది.

చంద్రకాంతమ్మ తన చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

వాకిట్లోంచి మునిలక్ష్మి గొంతు వినిపించింది. "ఎవురితో మాట్లాడతా ఉండావక్కా? నేనింకా ఈడనే ఉండా. సీకట్లో గడప కనపడ్లే."

ఆ చెయ్యి వదల్లేదు. ఇంకా బిగిసింది. మల్లెలు కుళ్లిన వాసన... చెవి పక్కనే చల్లటి గాలి... వాన చప్పుడులోంచి గుసగుసగా మాట.

"మళ్లీ ఇంకొకరా... సంద్రకాంతా?"

ఆమె కేక వేసింది. దొరస్వామి కొవ్వొత్తితో పరుగున వచ్చాడు. బెంచీ మీద ఎవరూ లేరు. బెంచీ తడిగా కూడా లేదు. చంద్రకాంతమ్మ తొడిగిన గాజులు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

"పాపా, ఇంటికి పో. నేను రేపు రాను. నన్ను అడగొద్దు," అని ఏడుస్తూ మునిలక్ష్మిని పంపేసింది.

ఆ రాత్రి జ్వరం వచ్చింది. సీమంతం నాడంతా దుప్పటి కప్పుకుని ఇంట్లోనే పడుకుంది. తల్లి రాత్రి నుంచీ పక్కనే కూర్చుని గంజి తాగించింది.

జ్వరం తగ్గి అంగడికి వచ్చిన రోజు, మునిలక్ష్మి నవ్వుతూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"రానంటివి, తెల్లారకముందే వస్తివే అక్కా! వాకిట్లోనే నిలబడి తొడిగి పోతివి. లోపలికి రమ్మంటే రాకపోతివి."

చంద్రకాంతమ్మ చేతిలోని గాజుల సరాన్ని కింద పెట్టేసింది.

"ఇంకోటి. పాప పుడితే సంద్రకాంతను పిలవొద్దు, నేనే వచ్చి తీసుకుంటా, అంటివి. నీ పేరే నువ్వు ఎవురిదో మాదిరిగా చెప్తా ఉంటే నాకు నవ్వొచ్చింది. తమాషాకే కదా?"

చేతులు రెండూ ముందుకు చాపింది. రెండింటికీ నిండుగా ఆకుపచ్చ మట్టిగాజులు.

చంద్రకాంతమ్మ వంగి చూసింది. వేలితో ఒక గాజును కదపబోయింది. కదల్లేదు. దానికీ చర్మానికీ మధ్య వెంట్రుకంత సందు లేదు. ఎన్నేళ్లుగానో గాజులు తొడిగిన ఆమెకు ఆ సైజు చూడగానే తెలిసింది. అరచెయ్యి దాటించి వాటిని ఆ మణికట్టుకు ఎక్కించడం ఎవరి తరమూ కాదు.

అవి నాలుగేళ్ల పిల్లకు తొడిగే గాజులు.