గువ్వ తొందరపడి తిప్పిన పైపు

రేకుల మీద రాలిన ఆకులు ఊడవాలి. రేకుల చివర కట్టిన సగం పైపులో పిట్టలు గూడు పెట్టాయేమో చూడాలి. ట్యాంకు మూత కింద దోమతెర బిగించాలి. కట్టెలు లోపలికి చేర్చాలి. ఒడ్డున ఎండబెట్టిన చేపలు తడవకుండా తెచ్చుకోవాలి. ఇవన్నీ వాన పడేలోపే అయిపోవాలి. పైన చూస్తే ఆకాశం అప్పటికే మూతి ముడుచుకుని కూర్చుంది.

అమ్మ నిచ్చెన దిగి, చీపురు మూలన పడేసింది.

“చేపలు నేను తెస్తాను. ట్యాంకులోకి నీళ్ళు దింపే పైపు నీ పూచీ గువ్వా! వాన మొదలవగానే ట్యాంకులోకి తిప్పేయకు. ముందు ఇంటి కప్పు స్నానం చెయ్యాలి. ఆ నీళ్ళు బయటికి పోనీ. ఈ తెల్లగిన్నె పట్టి చూస్తూ ఉండు. నీళ్ళల్లోంచి గిన్నె అడుగు తెల్లగా కనిపించాకే తిప్పాలి.”

“తెలుసమ్మా! వాన పడ్డప్పుడల్లా నువ్వు చేస్తుంటే చూడ్డంలేదా?”

“చూడ్డం వేరు, చెయ్యడం వేరు తల్లీ,” అంటూ అమ్మ బుట్ట తీసుకుని ఒడ్డుకు పరుగెత్తింది.

వాళ్ళది చిన్న దీవి. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే. కానీ గుక్కెడు తాగడానికి పనికిరావు. బావి తవ్వినా ఉప్పునీరే పడుతుంది. అందుకే అక్కడివాళ్ళు వాననీళ్ళు పట్టి దాచుకుంటారు. తాటాకు కప్పు మీంచి జారే నీళ్ళు ఎర్రగా, వాసనగా ఉంటాయి కాబట్టి రేకుల ఇళ్ళవాళ్ళే పడతారు. ఆకుల ఇళ్ళవాళ్ళకు కూడా వాళ్ళే ఇస్తారు. అడిగితే ఇవ్వడం కాదు, ఇవ్వాల్సిందే. అది ఆ దీవి కట్టుబాటు.

టపటపమని చినుకులు మొదలయ్యాయి. చూస్తుండగానే వాన ఊపందుకుంది. గువ్వ పైపు కింద గిన్నె పెట్టింది. నీళ్ళు టీ రంగులో వచ్చాయి. పారబోసి మళ్ళీ పట్టింది. ఈసారి పసుపుపచ్చగా ఉన్నాయి.

ఎదురింటి అరుగు మీంచి ఒక కేక వినిపించింది.

“ఏమే గువ్వా! మా ట్యాంకు గుడగుడమంటోంది. మీది ఇంకా ఆవలిస్తోందా?”

వాడే డప్పు. తన గొప్పలు తానే వాయించుకుంటాడని అందరూ వాణ్ణి అలాగే పిలుస్తారు.

“కప్పు కడగొద్దా?” అంది గువ్వ.

“కడుగుతూ కూర్చో! ఈలోపు వాన ఆగిపోతుంది. అప్పుడు ఖాళీ ట్యాంకులో తల పెట్టి పాటలు పాడుకోవచ్చు. మాది ముందు నిండుతుంది, చూసుకో!”

గువ్వకు ఒళ్ళు మండింది. నిజంగానే వాన ఆగిపోతే? అమ్మ ఏమంటుంది? ఇక గిన్నె వంక చూడలేదు. పైపును పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. నీళ్ళు దభదభమని ట్యాంకులోకి దూకాయి.

“ఇప్పుడు విను మా ట్యాంకు గుడగుడ!” అని అరిచింది. ఆ సంబరంలో ఆమెకు వాన కూడా చప్పట్లు కొడుతున్నట్టే అనిపించింది.

వాన వెలిసే వేళకు ట్యాంకు సగానికి పైగా నిండింది. గువ్వ తీరిగ్గా గిన్నె చేతిలోకి తీసుకుంది. అడుగున నల్లటి మడ్డి, ఈకముక్క, కరిగీ కరగని పిట్టరెట్ట.

దోమతెర ఈకను ఆపుతుంది. కరిగిన రెట్టను ఎలా ఆపుతుంది?

గువ్వ గబగబా ట్యాంకు కుళాయి తిప్పి గ్లాసు నింపింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. హమ్మయ్య అనుకుంది. అంతలోనే, మడ్డి అడుగుకు దిగితే పై నీళ్ళు ఎప్పుడూ తేటగానే కనిపిస్తాయి కదా అని గుర్తొచ్చింది.

“గువ్వా! బిందెడు నీళ్ళు పట్టమ్మా!”

తాటాకింటి వలల పిన్ని వచ్చింది. దీవిలో ఎవరి వల చినిగినా బాగుచేసేది ఆమే. చంకలో పాప ఉంది. పాపకు వారం నుంచి విరేచనాలు. నిన్ననే కాస్త తగ్గాయి. ఎప్పుడూ కేరింతలు కొట్టే పిల్ల తల్లి భుజం మీద తడిగుడ్డలా వాలిపోయింది.

“నర్సమ్మ ఇచ్చిన ఓఆర్ఎస్ పొడిని నీళ్ళల్లో కలిపి పట్టాలి. కాచి చల్లార్చమంది. ఇదిగో, మా కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఈ పూటకు కాచకుండానే ఇస్తాను. మీ ఇంటి నీళ్ళకు భయమేముంది? మీ అమ్మ ఎంత జాగ్రత్తమనిషో నాకు తెలీదూ!”

పిన్ని బిందె పెట్టి కుళాయి తిప్పింది.

అప్పటికే ఇవతలికొచ్చిన డప్పు గువ్వ చెవిలో గుసగుసలాడాడు. “చెప్పకు. నేనూ అలాగే తిప్పేశాను. మా అమ్మకు తెలిస్తే నా వీపు విమానం మోతే! చూడు, నీళ్ళు బాగానే ఉన్నాయిగా.”

బిందెలోకి ధార పడుతోంది. పాప కళ్ళు సగం తెరిచి ఆ ధారనే చూస్తోంది. పెదవులు చప్పరించింది.

“వద్దు పిన్నీ!” గువ్వ కుళాయి కట్టేసింది. “ఈ నీళ్ళు మంచివి కావు. కప్పు కడగకముందే పైపు తిప్పేశాను. తప్పు నాదే.”

పిన్ని ఒక్క క్షణం గువ్వను చూసింది. బిందె వంచి నీళ్ళు పారబోసింది.

అప్పుడే చేపలబుట్టతో అమ్మ వచ్చింది. గువ్వ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. మధ్యలో ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ బుట్ట దించి ట్యాంకు వైపు చూసింది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన వాన అది.

“కాచుకుని తాగుదామా అమ్మా?”

“కాస్తే క్రిములు చస్తాయి. రెట్ట ఎక్కడికి పోతుంది? ఇవి బట్టలకు, వాకిలి కడగడానికి వాడదాం. మిగతావి వదిలేసి ట్యాంకు తోముదాం.” అమ్మ గొంతు కోపంగా లేదు. అలసటగా ఉంది. గువ్వకు అదే ఎక్కువ బాధ అనిపించింది.

“మరి తాగడానికి?”

“బడి దగ్గర ట్యాంకు ఉందిగా,” అంది పిన్ని. “నర్సమ్మ దాంట్లో మందు కలిపి చూసి వెళ్ళింది. నేను ఎలాగూ వెళ్ళాలి. మీ బిందె కూడా ఇవ్వు అక్కా, తెచ్చిపెడతాను.”

బడి దీవికి ఆ చివర ఉంది. దారంతా బురద. పైగా చంటిపిల్ల.

అమ్మ పొడికట్టెల మోపు తెచ్చి పిన్ని గుమ్మంలో పెట్టి, పాపను తన చంకకు తీసుకుంది. గువ్వ తమ బిందె ఎత్తుకుంది. “నేనూ వస్తాను పిన్నీ.”

దారిలో గువ్వ చాలాసేపు తిట్ల కోసం ఎదురుచూసింది. ఒక్కటీ రాలేదు. ఆఖరికి తానే అడిగింది.

“నా మీద కోపం లేదా పిన్నీ?”

“ఉంది, ఎందుకుండదు! నా కాళ్ళు చూడు, మోకాళ్ళ దాకా నీ పుణ్యమే,” అని బురదకాళ్ళు చూపించి నవ్వింది పిన్ని. “కానీ గువ్వా, వలలో చిరుగు చూపిస్తేనే కదా కుట్టగలం. దాస్తే చేపలన్నీ పోతాయి. నువ్వు చూపించావు. నా పిల్లను కాపాడావు.”

తిరిగొస్తుంటే ఎదురింటి ముందు నీళ్ళు కాలువ కట్టాయి. డప్పు చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. తలొంచుకుని ట్యాంకు తోముతున్నాడు.

మళ్ళీ వాన పడేదాకా గువ్వ రోజూ బడి నుంచి బిందెలు మోసింది. తమ ఇంటికొకటి, పిన్ని ఇంటికొకటి. పాప మెల్లగా తేరుకుని గువ్వ జడ పట్టి లాగడం మొదలుపెట్టింది.

తర్వాత వాన పడినప్పుడు గువ్వ తడుస్తూ నిలబడింది. ఎన్ని గిన్నెలు పారబోసిందో లెక్కలేదు. “చాల్లే, లోపలికి రా!” అని అమ్మే పిలిచింది. గువ్వ కదల్లేదు. తెల్లటి అడుగు కనిపించాక పైపు తిప్పింది. వాన వెలిశాక మొదటి బిందె నింపి, ఎవరూ చెప్పకముందే మూత పెట్టి, పిన్ని గుమ్మంలో దించి వచ్చింది.

పిల్లలూ, మీ ఇంట్లో నీళ్ళు కుళాయిలో వస్తాయో, బిందెల్లో వస్తాయో నాకు తెలియదు. ఎలా వచ్చినా, గ్లాసు ఎత్తే ముందు ఒక్కసారి ఆ వలల పిన్నిని తలుచుకోండి. తన బిందె పారబోయించిన ఇంటికి కూడా బురదలో నడిచి నీళ్ళు తెచ్చిపెడతానన్న మనిషి ఆమె.