చాపంత మట్టి

నలభై ఒకటో మెట్టు దగ్గర ఝాన్సీ పందిరి ఆకును తిప్పి, అడుగున బొటనవేలు ఆనించింది. మణికట్టు మీది పలక వెలిగింది. ఆకు వదిలే చెమట సరిపోయింది. వేళ్ళకు నీళ్ళందించే ఊటగొట్టం బిగువు చూసి పై మెట్టెక్కింది. కొండవీధి మొత్తాన్ని తీగపందిరి కప్పేసింది. దాని కింద ముప్పై నాలుగు డిగ్రీలు. అంచు దాటి చెయ్యి చాపితే నలభై తొమ్మిది. బెజవాడలో మధ్యాహ్నం పూట మనుషులు ఇంకా మెట్లెక్కి దిగుతున్నారంటే ఈ ఆకుల చలవే.

చెమట పట్టిందేమో అనిపించి పలక చూసుకుంది. పట్టిందని ఉంది. అప్పుడు నుదురు తుడుచుకుంది. ఆరేళ్ళ ఉద్యోగంలో అబ్బిన అలవాటది. తన ఒంటి సంగతి తనకంటే పలకకే బాగా తెలుసని ఎప్పుడు ఒప్పుకుందో గుర్తులేదు. ఒప్పుకున్నాక మాత్రం ఏదో బరువు దిగినట్టయింది.

పలక మీది పటంలో అరవయ్యో మెట్టు దగ్గర ఎర్రచుక్క. ఆ ఇంటి ముందు కుళాయి నుంచి ఆరు రోజులుగా రోజూ బిందెడు నీళ్ళు ఏ ఆకుగుండానూ పోకుండా మాయమవుతున్నాయి. అలాంటి వృథాను పందిళ్ళకు నీళ్ళిచ్చే శీతలమండలి చూస్తూ ఊరుకోదు. సాయంత్రం ఐదయ్యేలోపు కుళాయికి తాళం పడకపోతే వీధి మొత్తానికి నీళ్ళు ఆపేస్తుంది. రెండు రోజుల్లో పందిరి మాడిపోతుంది. తాళం ఝాన్సీ సంచిలోనే ఉంది.

గుమ్మంలో ఒక ముసలావిడ నిండు బిందె పక్కన పెట్టుకుని కూచుంది.

"రా అమ్మాయ్. నిన్ననే వస్తావనుకున్నా."

"పందిరిదళం నుంచండీ. ఝాన్సీ నా పేరు. నాంచారమ్మగారు మీరేనా? ఈ నీళ్ళు ఏం చేస్తున్నారు?"

"తాగేస్తన్నా, బిందెడూ." ఆవిడ బోసినోటితో నవ్వింది. "నాలుగున్నర కానీ. నువ్వే చూద్దువుగాని."

మెట్లన్నీ సిమెంటే. ఆ గుమ్మం ముందు మాత్రం చాప పరిచినంత మట్టి మిగిలింది. కాసేపటికి నాంచారమ్మ లేచి, చెంబు ముంచి, వేళ్ళతో నీళ్ళు చిమ్మసాగింది. ఝాన్సీ చూద్దామని ముందుకొచ్చింది.

"ఆగాగు! చల్లీ చల్లంగానే బూట్లతో తొక్కుతారంటే? మీ అమ్మ చెప్పలా?"

"మా ఇంటి ముందు మట్టి లేదండీ."

"అయితే విప్పి నిలబడు. పాపం లేదులే."

ఝాన్సీ బూట్లు విప్పింది. తడిమట్టి వాసన మెల్లగా లేచి, కిటికీలోంచి లోపలికి వెళ్ళింది. లోపల మంచం కిర్రుమంది.

"నాంచారీ, సాయంత్రమైందే! టీ పెట్టవా?"

"పెడతన్నా, ఆగు!" అని లోపలికి అరిచి, ఆవిడ గొంతు తగ్గించింది. "మా ఆయన పిచ్చయ్య. చూపు పోయి మూడేళ్ళు. ఇదివరకు ఎండ మొహాన కొడితే పొద్దెంతయిందో చెప్పేవాడు. మీ పందిరొచ్చాక పొద్దుగూకులూ ఒకటే చల్లదనమాయె. ఏ వేళో తెలీక భయం. నా చెయ్యి వదిలేవాడు కాదు. మొన్నామధ్య చెంబు చేజారి ఈ మట్టి మీద నీళ్ళు ఒలికినయ్యి. ఆ వాసన తగిలింది, అంతే, 'సాయంత్రమైందే' అని లేచి కూచున్నాడు."

"గడియారం గంట పెట్టుకోకపోయారా?"

"పెట్టా. గంట ఎవరైనా కొడతారంటాడు. మట్టి అబద్ధమాడదంట."

ఝాన్సీ తాళం బయటికి తీసింది. ఎందుకు వెయ్యాలో చెప్పింది. నాంచారమ్మ పందిరివంక చాలాసేపు చూసింది.

"వెయ్యి తల్లీ. మా ముసలాడి కోసం వీధంతా మాడాలా? ఇవాళ్టికి టీ తాగుతాడుగా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే తాళం వెయ్యడం తేలికయ్యేది. ఝాన్సీ కుళాయి దగ్గర వంగింది. అరికాళ్ళ నుంచి మోకాళ్ళ దాకా ఏదో పాకుతోంది. చల్లదనం. దాన్ని పలక చూడకుండానే గుర్తుపట్టానని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. తెలిశాక, చిన్నప్పుడు పోగొట్టుకున్న వస్తువు జేబులోనే దొరికినట్టు, కాస్త సిగ్గేసింది.

తాళం సంచిలో పడేసి, పలక మీద 'కొత్త మొక్క' అన్న గడి తెరిచింది. మొక్క తాగే నీళ్ళకు తాళం అక్కర్లేదు. కానీ లేని మొక్క రాస్తే ఉద్యోగం పోతుంది.

జాతి? నాంచారమ్మ.

ఆకులు? రెండు అరచేతులు.

తీసుకునే నీరు? బిందెడు.

విడిచే వేళ? నాలుగున్నర, ఒక్కసారే.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఎర్రచుక్క పచ్చబడింది. ఝాన్సీ ఊపిరి వదిలేలోపే పలక మళ్ళీ వెలిగింది. ఇన్నేళ్ళలో అది ఆమెను కొలతలు తప్ప మరేమీ అడగలేదు.

'ఈ మొక్క దగ్గర మీ గుండెవేగం తగ్గింది. ఈ జాతి పటంలో మరెక్కడా లేదు. ఎలా పెంచాలి? విత్తనం నాటాలా, అంటు కట్టాలా?'

"ఏమంటది?" టీ గ్లాసు పట్టుకుని నాంచారమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"మిమ్మల్ని ఎలా పెంచాలో అడుగుతోంది."

"నాకు నేర్పిన మా అత్తనడగమను. పోయి నలభై ఏళ్ళయింది." ఆవిడ కాలితో బిందెను ఇటు జరిపింది. "అడుగున ఇంకా ఉన్నయ్యి. ఆ మూల నువ్వు చల్లు. అట్టా గుమ్మరిస్తావేంటి? వేళ్ళు విడదియ్యి."

ఝాన్సీ వేళ్ళు విడదీసింది. తడి మణికట్టు మీద ప్రశ్న వెలుగుతూనే ఉంది. కింది గుమ్మంలో ఎవరో బిందె దించిన చప్పుడు, వెంటనే నీళ్ళు చిమ్మిన చప్పుడు వినిపించాయి.