మార్చొద్దన్న నీళ్ళు

తడి తువ్వాలులో చుట్టిన మూటను టేబుల్ మీద పెట్టి, గడియారాల మేస్త్రీ రెండడుగులు వెనక్కి వేశాడు.

"విప్పి చూడండి. ఆరు హత్యలు."

స్టెనో చేతిలోని పెన్సిల్ జారిపడింది. పన్నెండేళ్ళుగా ఆ డిటెక్టివ్ ఆఫీసులో ఆవిడ ఎన్నో వాంగ్మూలాలు రాసుకుంది గాని, శవాలను మూటగట్టి తెచ్చిన క్లయింటును ఇదే చూడటం.

డిటెక్టివ్ నిదానంగా మూట విప్పాడు. దళసరి కళ్ళజోడు పుణ్యమా అని అందరూ ఆయన్ని 'భూతద్దం' అనేవారు. తువ్వాలులో ఆరు చేపలున్నాయి. ఒక్కొక్కటి పళ్ళెంలా గుండ్రంగా, పల్చగా ఉంది. ఎర్రటి చారలు అప్పుడే వెలిసిపోతున్నాయి.

"డిస్కస్ చేపలు," అన్నాడు మేస్త్రీ. "మా ఆవిడ పెంచింది. ఆవిడ పోయి నాలుగు నెలలు. ఇంట్లో నాతోపాటు ఊపిరి పీల్చేవి ఈ చేపలే. నిన్న సాయంత్రం నేనొచ్చేసరికి నోళ్ళు తెరుచుకుని కొట్టుకుంటున్నాయి. తెల్లారేసరికి అయిపోయాయి."

"ఎవరి మీదైనా అనుమానమా?"

"అనుమానమేంటండీ, మా మరదలే! ఆవిడ దగ్గరొక తాళంచెవి ఉంది. నిన్న మధ్యాహ్నం వచ్చి వెళ్ళింది. 'నీకెందుకు బావా ఈ చాకిరీ, ఎవరికైనా ఇచ్చెయ్' అని నెల రోజులుగా ఒకటే పోరు. పొద్దున్నే ఫోన్ చేసి, మా గుమ్మం తొక్కొద్దని చెప్పేశాను."

"ఆవిడ కాక మీ ఇంటికి ఇంకెవరు వస్తారు?"

మేస్త్రీ చాలాసేపు ఆలోచించాడు.

"మీటరు చూసేవాడు."

స్టెనో తలెత్తకుండా ఆ మాట కూడా రాసుకుంది.

"నీళ్ళ సంగతి ఎవరు చూస్తున్నారు?"

"చూడ్డానికేముంది? ఆస్పత్రిలో గొంతులో గొట్టం పెట్టారు, ఆవిడకి మాట లేదు. చీటీ మీద రాసిచ్చింది." చొక్కా జేబులోంచి మడతలు నలిగిన కాగితం తీశాడు. 'ఎవరేం చెప్పినా నీళ్ళు మార్చొద్దు.' "ఆవిడ మాట జవదాటలేదు. తిండి వెయ్యడమే నా పని. నేను తిన్నప్పుడల్లా వాటికీ వేసేవాణ్ణి. ఒక్కణ్ణే తింటే ముద్ద దిగదు."

*

ఇల్లు మూడో అంతస్తులో ఉంది. హాల్లో గోడ పొడవునా గాజుతొట్టి, దానికి ఎదురుగా ఒకే ఒక్క కుర్చీ. పక్కన స్టూలు మీద కడగని కంచం. రెండో కుర్చీ గోడవైపు తిరిగి ఉంది. దాని మీద దుమ్ము పేరుకుంది.

భూతద్దం ముక్కు గాజుకు ఆనేంత దగ్గరగా వెళ్ళాడు. తొట్టి లోపల చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చార ఉంది. నీటిమట్టం ఆ చారకు నాలుగు వేళ్ళ పైన ఉంది.

"ఇదేంటి?" అంది స్టెనో.

"నీళ్ళు నెలల తరబడి ఎక్కడ నిలిచాయో చెప్పే గీత."

మూలన బల్లమీద ఒక చిన్న తొట్టి ఉంది. అందులో ఏడో డిస్కస్ నెమ్మదిగా తిరుగుతోంది. ఆ తొట్టిలో నీళ్ళు సగానికి పైగా తగ్గి, పల్చటి టీ రంగులో ఉన్నాయి.

"మిగతావి కరుస్తున్నాయని మా ఆవిడే దీన్ని వేరు చేసింది," అన్నాడు మేస్త్రీ. "తిండి అదే. గాలి అదే. ఇదొక్కటే మిగిలింది."

స్నానాల గదిలో మూతపెట్టిన పెద్ద డ్రమ్ము, అడుగున ఎండిన తెల్లటి పొర. అదెందుకని అడిగితే మేస్త్రీ భుజాలెగరేశాడు. "బట్టలు నానబెట్టుకునేదేమో." పక్కన రెండు బక్కెట్లున్నాయి. వాటి అడుగు ఇంకా తడిగా ఉంది. అలమరలో చేపల కొట్టు చీటీ అంటించిన సీసా కనిపించింది. సీలు తియ్యలేదు.

*

చేపల కొట్టు యజమాని సీసాను చూడగానే నవ్వాడు.

"ఇంకా దాచిందా మహాతల్లి! డిస్కస్‌లకు పులుపు నీళ్ళు కావాలండీ. మన కుళాయి నీళ్ళేమో సున్నం నీళ్ళు. రెండు చుక్కలు ఇది వేసి నీళ్ళు మార్చమ్మా అని పదేళ్ళు మొత్తుకున్నాను. వింటేనా? 'నా చేపలు ఈ నీళ్ళకే అలవాటు పడ్డాయి, పూటకో రకం చేస్తే చస్తాయి' అనేది. నా కొట్లోవాటికంటే ఏపుగా పెంచింది. ఇక నేనేం మాట్లాడను?"

పులుపు చూసే కాగితాలు కొన్ని అడిగి తీసుకుని, సాయంత్రం మేస్త్రీ ఇంటికి రమ్మని చెప్పి భూతద్దం బయటికొచ్చాడు.

మరదలు బట్టలు కుట్టే గదిలో మిషను ముందు కూర్చుని ఉంది. మిషను ఆగే ఉంది.

"నేనే మందూ వెయ్యలేదు. మా అక్క మీదొట్టు."

"మందు వేశారా అని నేనడగలేదే? చేతులు చూపించండి."

ఆవిడ అరచేతులు ఒళ్ళో దాచుకుంది. దాచుకునేలోపే వేళ్ళ మొదట్లో లేచిన బొబ్బలు భూతద్దం కంటబడ్డాయి.

"సాయంత్రం మీ బావగారింటికి రావాలి."

"గుమ్మం తొక్కొద్దన్నాడు."

"నాతో రండి. నా గుమ్మం అనుకోండి."

*

సాయంత్రం అయిదింటికి, కొట్టు యజమానితో కలిపి అయిదుగురూ హాల్లో చేరారు. మరదలు తాళంచెవిని స్టూలు మీద పెట్టి తలుపు దగ్గరే నిలబడింది. మేస్త్రీ ఆవిడవైపు చూడలేదు. కుళాయి నీళ్ళతో నిండిన బక్కెట్టు తెచ్చి, చిన్న తొట్టి మీదికి వంచబోయాడు.

"దీన్నయినా మంచి నీళ్ళలో..."

"ఆగండి!"

స్టెనో ఎగిరిపడింది. ఆయన అరవడం ఆవిడ ఎప్పుడూ వినలేదు.

"ఆ బక్కెట్టు పోస్తే ఏడో హత్య అవుతుంది. హంతకుడు మీరే అవుతారు."

భూతద్దం బక్కెట్టు అందుకుని కింద పెట్టి, మూడు కాగితం ముక్కలు తీశాడు. కుళాయి నీళ్ళలో ముంచింది నీలంగా మారింది. పెద్ద తొట్టిలో ముంచిందీ దాదాపు నీలమే. చిన్న తొట్టిలో ముంచింది పసుపుపచ్చగా తేలింది. నీలమంటే సున్నం, పసుపంటే పులుపు.

"ఒకే గది, ఒకే తిండి, రెండు రకాల నీళ్ళు. పగబట్టి విషం పెట్టేవాళ్ళు ఈ ఒక్కదాన్ని ఎందుకు వదిలేస్తారు? పెద్ద తొట్టిలో గీతకు పైదాకా ఎవరో నీళ్ళు పోశారు. బక్కెట్లు తడిగా ఉన్నాయి. అవి మోసిన బొబ్బలు ఈవిడ చేతులకున్నాయి."

"చూశారా!" అన్నాడు మేస్త్రీ.

"తొట్టి కంపు కొడుతోంది బావా," అంది మరదలు తలుపు దగ్గరి నుంచే. "సగం తోడేసి కుళాయి నీళ్ళు పోశాను. అంతే. అక్క చేసిన పనే కదా అనుకున్నాను. చిన్నదాని దగ్గరికి వచ్చేసరికి చేతులు లేవలేదు."

"అక్క చేసిన పనా?"

"స్టెనోగారూ," అన్నాడు భూతద్దం, "చీటీలో మాట చదవండి. తర్వాత కొట్టు యజమాని చెప్పింది."

"'ఎవరేం చెప్పినా నీళ్ళు మార్చొద్దు.'" స్టెనో పేజీ తిప్పింది. "'రెండు చుక్కలు ఇది వేసి నీళ్ళు మార్చమ్మా అని పదేళ్ళు...'" సగంలో ఆగి, మెరిసే కళ్ళతో ఆయనవైపు చూసింది.

"ఒకటే మాట. ఈ కొట్టు యజమాని మార్చమన్నది నీళ్ళ గుణాన్ని. ఆవిడ వద్దన్నదీ అదే. మేస్త్రీగారు మాత్రం నీళ్ళు తోడి కొత్తవి పొయ్యొద్దని చదువుకున్నారు. ఆవిడ డ్రమ్ములో కుళాయి నీళ్ళు పట్టి, ఒకరోజు ఉంచి, వారం వారం కొంచెం కొంచెం మార్చేది. అందుకే తొట్టి నీళ్ళు, కుళాయి నీళ్ళు ఎప్పుడూ ఒక్కలాగే ఉండేవి. నాలుగు నెలలు ఎవరూ ముట్టుకోకపోయేసరికి తొట్టి పులిసిపోయింది. పైగా మూడు పూటలా తిండి. చేపల మలంలో పుట్టే అమ్మోనియా అలాంటి పులుపులో కోరలు పీకిన పాములా పడి ఉంటుంది. ఒక్కసారిగా సగం తొట్టి సున్నపు నీళ్ళు పడితే, పాముకు కోరలు తిరిగొస్తాయి."

"నిజమే," అన్నాడు కొట్టు యజమాని మెల్లగా. "నా కొట్లోనూ ఒకసారి జరిగింది."

ఆ మాట మేస్త్రీకి వినపడినట్టు లేదు.

"వారం వారం మోసేదా?"

"మంగళవారం మధ్యాహ్నం," అంది మరదలు. "నువ్వు కొట్లో ఉన్నప్పుడు. పదహారు బక్కెట్లు."

"పదేళ్ళా? నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వు అడగలేదుగా బావా."

మేస్త్రీ గోడవైపు తిరిగి ఉన్న కుర్చీ మీద చెయ్యి వేశాడు. వేళ్ళకు దుమ్ము అంటింది. "చేపల తొట్టి కదా, నీళ్ళు వాటంతటవే తేటగా ఉంటాయనుకున్నాను," అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా.

భూతద్దం చిన్న తొట్టివైపు తిరిగాడు. "ఈ చేపకు తిండి తగ్గించండి. డ్రమ్ములో నిలవుంచిన నీళ్ళు పొద్దునొక గ్లాసు, మధ్యాహ్నమొక గ్లాసు మార్చండి. అంతకు మించొద్దు. నెల పడుతుంది."

"మధ్యాహ్నం నేను కొట్లో ఉంటాను."

మేస్త్రీ స్టూలు మీది తాళంచెవిని తీసి మరదలి చేతికిచ్చాడు. బొబ్బలకు తగలకుండా, చివర పట్టుకుని.

మెట్లు దిగుతూ స్టెనో అడిగింది. "ఫైల్లో హంతకుడి పేరు ఏం రాయమంటారు?"

"ఖాళీగా ఉంచండి."

రెండు నెలల తర్వాత ఒక మంగళవారం మధ్యాహ్నం, ఆగిపోయిన తన చేతిగడియారంతో స్టెనో మేస్త్రీ కొట్టుకు వెళ్ళింది. షట్టరు దించి ఉంది. దాని మీద అంటించిన చీటీని రెండుసార్లు చదివి, గడియారాన్ని సంచిలో వేసుకుని వెనక్కి తిరిగింది.

'నీళ్ళు మార్చాలి. రేపు రండి.'