కొమ్మనాయకుని నోటిమాట

గండిగిరి దుర్గం పడమటి బురుజు మీద నిలిచి చూస్తే ఆ వైశాఖమాసపు ఉదయాన నేల కనిపించలేదు, గుడారాలే కనిపించాయి. పొగలు చిమ్మే వేయి పొయ్యిలు, ఏటిని తొక్కి బురద చేసిన ఏనుగులు, తోపులను మొదలంటా నరికి నిచ్చెనలు చేసుకుంటున్న వడ్రంగులు, దిక్కులు పగిలేటట్టు మోగుతున్న భేరులు. పొరుగు దేశపు దండనాథుడు బల్లహుడు ముప్పైవేల సేనతో వచ్చి కొండను చుట్టుముట్టి అప్పటికి యాభై రోజులు. లోపల ఉన్నది పదకొండు వందల భటులు, వాళ్ల ఆలుబిడ్డలు, ఒక్క నాయకుడు. ఒక్క నాయకుడని ఊరికే అనడం లేదు. ఆ కోటలో కొమ్మనాయకుడు తప్ప ఆజ్ఞ ఇచ్చేవాడు మరొకడు లేడు.

ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి. ఇరవై రెండేళ్లుగా ఆ కోట ఆయన చేతిలో ఉంది. గుర్రానికి నాడా కొట్టాలన్నా ఆయనే రావాలి, గంజిలో ఉప్పు చూడాలన్నా ఆయనే రావాలి. కమ్మరి చేతిలోని సుత్తి లాక్కుని తానే కొట్టేవాడు. పాపం, బాగానే కొట్టేవాడు, అదే వచ్చిన చిక్కు. ఎవరు ఏ పని చేసినా ఆయన కంటికి అందులో ఏదో ఒక వంకర కనబడేది.

దీనికి ఒక గాయం కారణం. ఆయన అన్నగారు మరొక కోటను ఏలే రోజుల్లో ఎవడో దొంగముద్ర వేసిన ఆజ్ఞాపత్రం చూపితే ద్వారపాలకుడు నమ్మి తలుపు తీశాడు. తెల్లవారేసరికి అన్న లేడు, కోట లేదు. ఆనాటినుంచి కొమ్మనాయకుడు ఒక కట్టడి పెట్టుకున్నాడు. గండిగిరి మహాద్వారం ముద్రకు తెరుచుకోదు, పత్రానికి తెరుచుకోదు, దూతకు తెరుచుకోదు. నాయకుడు స్వయంగా ద్వారం ముందు నిలిచి, తన గొంతుతో "తెరవండి" అంటేనే గడియలు కదులుతాయి. ద్వారపాలకుడు బయ్యన ఆ ఇరవై రెండేళ్లలో ఒక్కనాడూ ఆ గీత దాటలేదు.

రాజధానినుంచి మహారాజు తరఫున వచ్చి కోటలో ఉంటున్న మంత్రి త్రిపురారికి ఈ సంగతంతా చక్కగా అర్థమైంది. కోట చేజిక్కితే దాని ఏలుబడి నీదేనని బల్లహుడు ఆయనకు లోపాయికారీగా మాట ఇచ్చాడు. అందుకని త్రిపురారి కత్తి పట్టలేదు, విషం కలపలేదు. రోజూ ఉదయం వచ్చి నాయకుణ్ణి పొగిడేవాడు, అంతే.

"తమరు కన్నుమూసి తెరిచేలోగా ఈ కోటలో పది పొరపాట్లు జరుగుతున్నవి నాయకా. ఇంతమందిలో ఒక్కడికైనా ఒక్క పని అప్పగించదగునా? తమ భుజాలు లేనిచో గండిగిరి లేదు" అనేవాడు.

ఆ మాటలు కొమ్మనాయకుడికి తియ్యగానే ఉండేవి.

బిడ్డలు లేని నాయకుడికి మేనల్లుడు అన్నెమ ఒక్కడే సర్వస్వం. తల్లి పోయినప్పటినుంచి తన కంచంలో పెట్టుకుని పెంచాడు. అన్నెమకు ముప్పై ఏళ్లు వచ్చినా, మూడు యుద్ధాలు చూసినా, మామకు వాడింకా పసివాడే. కోటలో ధాన్యం తరిగిపోతున్నప్పుడు, కొండవెనుక కాలిబాటన వెళ్లి మన్నెపు పల్లెలనుంచి గింజలనూ మనుషులనూ తెస్తానని అన్నెమ ముందుకు వచ్చాడు. బయలుదేరేముందు చేతులు జోడించి ఒకటి అడిగాడు.

"మామా, బరువుతో కాలిబాట ఎక్కలేము, మహాద్వారానికే రావలసి ఉంటుంది. పదకొండోనాటి మధ్యాహ్నానికి శత్రువుల వరుసను చీల్చుకుని శంఖం ఊదుతూ వస్తాము. ఆ వేళకు నీవు ఏ మూల ఉంటావో ఎవరికి తెలుసు? తలుపు మాట బయ్యనకైనా ఇవ్వు. ఇన్నేళ్లనుంచి చూస్తున్నావు కదా, వాడు తెలివితక్కువవాడు కాడు."

"నేను ద్వారం దగ్గరే ఉంటాను."

"ఒకవేళ..."

"నేను ఉంటానన్నాను కదురా! నా మాట మీద నీకు నమ్మకం లేదా?"

అన్నెమ నవ్వి ఊరుకున్నాడు. నమ్మకం లేనిది ఎవరికో అడగలేదు.

పదకొండోనాడు కొమ్మనాయకుడు పొద్దు పొడవకముందే ద్వారం ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నం కావస్తుండగా త్రిపురారి రొప్పుతూ వచ్చాడు. తూర్పు గోడమీద నూనె కొప్పెరలు ఎక్కడ పెట్టాలో తేలక దళపతులు కత్తులు దూశారనీ, తమరు వచ్చి ఒక్కమాట చెబితే తప్ప రక్తపాతం ఆగదనీ చెప్పాడు. నాయకుడు ఒక్కక్షణం ఆగాడు. పక్కనే బయ్యన ఉన్నాడు. "నేను లేనప్పుడు వస్తే తెరువు" అని నాలుగు మాటలు అనడానికి రెప్పపాటు చాలు. ఆయన అనలేదు. "ఇప్పుడే వస్తాను" అని మాత్రం అని, పరుగులాంటి నడకతో వెళ్లాడు.

తూర్పు గోడమీద ఎవరూ కొట్టుకోవడం లేదు. దళపతి కేతన కొప్పెరల పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "తమరు వచ్చేదాకా ముట్టవద్దని మంత్రిగారు చెప్పారు ప్రభూ" అన్నాడు. అప్పుడు వినబడింది పడమటినుంచి శంఖం.

కొమ్మనాయకుడు పరుగెత్తాడు. కోట ఈ కొసనుంచి ఆ కొసకు అరకోసు దూరం, మధ్యలో రెండు వందల మెట్లు. శంఖం మూడుసార్లు మోగింది, నాలుగోసారి సగంలో ఆగిపోయింది. ఆయన మెట్లమీదనుంచే "తెరవండి, తెరవండి" అని గొంతు చించుకున్నాడు. బురుజుమీది బాణాలు శత్రువులను వెనక్కి నెడుతుండగా తలుపు తెరుచుకుంది. దానికి వీపు ఆనించి పోరాడుతూ నేలకొరిగిన అన్నెమ లోపలికి వాలిపోయాడు. అతని వెంట వచ్చిన డెబ్బైమందిలో ప్రాణాలతో లోపలికి వచ్చింది నలుగురు. ధాన్యపు బస్తాలు శత్రువుల పాలయ్యాయి.

ఆ సాయంత్రం బయ్యన తన గొడ్డలి తెచ్చి నాయకుని పాదాల దగ్గర పెట్టి తల వంచాడు.

"చిన్నదొర గొంతు గుర్తుపట్టాను ప్రభూ. తలుపు సందులోనుంచి ముఖమూ చూశాను. 'బయ్యనా, మామను పిలువు' అన్నారు. మనిషిని పంపాను. మళ్లీ 'మామను పిలువు' అన్నారు. తెరవమని ఒక్కసారీ అనలేదు. అంటే నేను ఆజ్ఞ తప్పవలసి వస్తుందని అనలేదు ప్రభూ. నా చేయి గడియమీదే ఉంది. నన్ను నరికేయండి."

కొమ్మనాయకుడు ఆ గొడ్డలి ముట్టలేదు. బయ్యనను దగ్గరకు లాక్కుని, కోటంతా వినబడేటట్టు పసిపిల్లవాడిలా ఏడ్చాడు.

మూడు రోజులు ఆయన పక్కమీదనుంచి లేవలేదు. మూడోనాడు త్రిపురారి వచ్చి మెల్లగా అన్నాడు: "కోటకు ప్రాణము తమరొక్కరే. తమరే కుంగిపోయిన తరువాత ఇంక కోట ఎక్కడిది? సంధి చేసుకొనుట మేలు."

ఆ మాట నాయకుడికి చురుక్కుమని తగిలింది. రోజూ వింటున్న పొగడ్తే అది, కానీ ఇవాళ దాని అసలు అర్థం తెలిసింది. ఒక్క ప్రాణం మీద నిలిచిన కోటను కూల్చడానికి ఒక్క దెబ్బ చాలు. ఆ దెబ్బ ఎవరు కొట్టించారో కేతనను పిలిచి రెండు ప్రశ్నలు వేస్తే తేలిపోయింది. కానీ భటులు వెళ్లేసరికి త్రిపురారి తూర్పు గోడనుంచి తాడు పట్టుకు దిగి బల్లహుడి గుడారం చేరాడు.

మర్నాడు నాయకుడు అందరినీ సమావేశపరిచాడు.

"వీరులారా, ఇన్నాళ్లు నేను కోటను కాచాననుకొన్నాను. మిమ్మల్ని కట్టిపడవేశాను. నా మేనల్లుణ్ణి చంపినది బల్లహుని బాణం కాదు, నా మాటకోసం కాచుకొన్న ఈ తలుపు. నేటినుండి తూర్పు గోడ కేతనది. నీరూ గింజలూ నూతులు కాచే మైలమవి. మహాద్వారం బయ్యనది. తెరుచుట అతని బుద్ధి, మూయుట అతని బుద్ధి. నేనే వచ్చి ఆజ్ఞాపించినను, తగదని తోచినచో అతడు తెరువరాదు."

బయ్యన రెండడుగులు వెనక్కి వేశాడు. "అంత బరువు నాకు వద్దు ప్రభూ. నాకు చెప్పింది చేయడమే వచ్చు."

"అదొక్కటే నేర్పాను నీకు. తప్పు నాది" అన్నాడు నాయకుడు.

అప్పగించడం ఒక్క పూట పని, అప్పగించి ఊరుకోవడమే ఆయనకు ప్రాణసంకటమైంది. మైలమ నీళ్లు పంచే పద్ధతి మార్చి పిల్లలకు ముందు పోయించింది. అది తన పద్ధతి కాదని నోటిదాకా వచ్చిన మాటను ఆయన మింగేశాడు. కేతన రాళ్లు పేర్చిన చోటు సరిపడక ఒకనాడు నిచ్చెన ఒకటి గోడకు తగిలింది, ముగ్గురు భటులు పోయారు. ఆ రోజు నాయకుడు తూర్పు గోడను వెనక్కి తీసేసుకుంటాడని అందరూ అనుకున్నారు. ఆయన కేతన పక్కన చాలాసేపు కూర్చుని, "రేపు ఏమి చేస్తావు?" అని మాత్రం అడిగాడు. కేతన చెప్పాడు. మర్నాటినుంచి ఆ గోడమీద నిచ్చెన నిలవలేదు.

నెల గడిచింది. శత్రువులు పడమటి గోడకిందికి సొరంగం తవ్వుతున్నారని తెలిసి, కేతన యాభైమందితో బయటపడి దాన్ని కూల్చాలని నిశ్చయించాడు. అతని వెంట నాయకుడు మామూలు భటుడిలా నడిచాడు. పని నెరవేరింది. తిరిగివచ్చేటప్పుడు శత్రువులు వెంటబడితే, తొడలో ఈటె దిగిన కొమ్మనాయకుడు దారికి అడ్డంగా నిలిచి మిగిలినవాళ్లను లోపలికి పంపాడు. బయ్యన సరైన వేళకు తలుపు మూశాడు. నాయకుడు పట్టుబడ్డాడు.

త్రిపురారి పండగ చేసుకున్నాడు. ఆ మధ్యాహ్నమే సంకెళ్లు వేసిన కొమ్మనాయకుణ్ణి మహాద్వారం ముందుకు నడిపించారు.

"ఒక్కమాట చాలు నాయకా" అన్నాడు బల్లహుడు. "తెరవండి అను. నీ ప్రాణమూ, నీవారి ప్రాణాలూ కాపాడుతాను."

"మీ మంత్రి పాతకబురు మోసుకువచ్చాడు దండనాథా. ఆ తలుపు నా మాట వినడం మానేసి నెలయింది. అడగవలసినవాడు పైన ఉన్నాడు."

త్రిపురారి ముఖం పాలిపోయింది. బల్లహుడు కత్తి దూసి నాయకుని మెడమీద ఆనించి పైకి అరిచాడు: "ద్వారపాలకా! తలుపా, తలా?"

బురుజుమీద బయ్యన రాతిని పట్టుకుని వంగాడు.

"ప్రభూ! ఏం చేయమంటారు? ఒక్కమాట చెప్పండి ప్రభూ. మీరు చెబితే చేస్తాను!"

కొమ్మనాయకుని గుండె ఆ కేకకు ముక్కలైంది. "తెరవవద్దు" అనేస్తే చాలు. బయ్యన భుజాలమీది భారం దిగిపోతుంది, జీవితాంతం ఆజ్ఞ పాటించానని ఊరట పడతాడు. కానీ రేపు ఈ గొంతు ఉండదు. ఇవాళ మళ్లీ ఈ గొంతుకోసమే చూస్తే, రేపు దానికోసం చూస్తూనే కోట పడిపోతుంది. కన్నీళ్లు గడ్డంమీదికి జారుతున్నా తుడుచుకోవడానికి సంకెళ్లు చేయి ఎత్తనివ్వలేదు. పని పంచినప్పుడు దానితో పాటు దుఃఖం కూడా పంచుతున్నానని ఆయనకు ఆ నాడు తోచలేదు.

"నీవే చెప్పు బయ్యనా. నేను వింటాను" అన్నాడు.

కోటగోడంతా మనుషులు నిలబడి ఉన్నారు.

"తెరవను ప్రభూ" అన్నాడు బయ్యన.

"సరే" అన్నాడు కొమ్మనాయకుడు. ఇరవై రెండేళ్లలో మరొకరి నిర్ణయానికి ఆయన ఆ మాట అనడం ఎవరూ వినలేదు. మోకాళ్లమీద కూర్చుని తల వంచాడు. కత్తి దిగింది.

అప్పుడు బయ్యన ఎవరినీ అడగకుండా తలుపు తీయించాడు. నూరుమందితో పిడుగులా బయటికి దూకి, శత్రువులు తేరుకునేలోగా నాయకుని దేహాన్ని భుజాన వేసుకుని లోపలికి వచ్చి తలుపు మూశాడు. గండిగిరి మరి పంతొమ్మిది రోజులు నిలిచింది. ఇరవయ్యోనాడు మహారాజు సేనలు వచ్చి బల్లహుణ్ణి తరిమాయి. పారిపోతూ త్రిపురారి ఏట్లో పడి పోయాడని చెప్పుకున్నారు.

మహారాజు బయ్యనను నిండుసభలోకి పిలిచి కోట నాయకత్వం అతనికే ఇచ్చాడు. ఏమైనా కోరుకొమ్మన్నాడు.

"కోరికేమీ లేదు ప్రభూ" అన్నాడు బయ్యన. "ఆ వేళ వద్దని ఆయన ఒక్కమాట అని ఉంటే నాకు ఇప్పుడు నిద్ర పట్టేది. అనలేదు. ఎందుకు అనలేదో నాకు తెలుసు. తెలిసినా నిద్ర పట్టడం లేదు."

మహారాజు సింహాసనం దిగి వచ్చి అతని పక్కన నిలబడ్డాడు.