ఇప్పలగూడెం సాక్షి

యమున పరుగెడుతోంది.

హనుమకొండ బస్టాండు. అప్పుడే చీకటి పడింది. సంచులు... పిల్లలు... పల్లీలు వేయించే బండి పొగ... అన్నిటినీ తోసుకుంటూ పరుగెడుతోంది. ఒక చేతిలో ఫోను. రెండో చేతికి ఇంకా చపాతీ పిండి అంటుకునే ఉంది.

"దొరికిందా మేడం?" ఫోనులో శ్రీకాంత్. లాయరుగా ఆమెకు జూనియర్.

"లేదు! నువ్వెక్కడ?"

"చౌరస్తాల ఇరుక్కున్న మేడం. కారు ఇంచు కదుల్తలేదు."

"ఏటూరునాగారం బస్సు ఎక్కడ ఆగుతది?"

"నాకేం ఎర్క? నేను బస్సెక్కక ఎన్నేండ్లాయె!"

కట్ చేస్తుంది.

ముసలామె ఎటు పోతుందో యమునకు తెలుసు. ఎందుకు పోతుందో కూడా తెలుసు. అదే భయం!

పేరు కట్టమ్మ. కోయ మనిషి. పుట్టింది ఇప్పలగూడెంలో. అక్కడి నలభై కుటుంబాల పోడు భూమి కింద నల్లరాయి ఉందని క్వారీ కాంట్రాక్టరుకు తెలిసింది. ఆనాటి నుంచీ ఆ ఊరికి నిద్ర లేదు. వీళ్ళు మొన్న మొన్న అడవి నరికి వచ్చి కూర్చున్నవాళ్ళేనని కాంట్రాక్టరు వాదన. కాదు, తాతల నాటి నుంచీ దున్నుతున్నారని చెప్పడానికి ఒక మనిషి కావాలి. పట్టా అడుగుతున్నవాళ్ళు కాకుండా వేరే మనిషి. బాగా వయసు మీరిన మనిషి.

ఆ వయసు వాళ్ళలో మిగిలింది కట్టమ్మ ఒక్కతే. వేరే ఊరికి కోడలిగా పోయింది. మొగుడు పోయాక తిరిగొచ్చింది. ఆమె పేరు మీద సెంటు భూమి లేదు. లేదు కాబట్టే ఆమె మాటకు విలువ!

రేపు పొద్దున హైకోర్టు పంపిన కమిషనర్ హనుమకొండలో కూర్చుంటాడు. ఒక్క రోజే. కట్టమ్మ ఆయన ముందు నోరు విప్పాలి. విప్పకపోతే ఇప్పలగూడెంలోకి జేసీబీలు వస్తాయి.

అందుకే ఆమెను తన ఇంట్లోనే దాచింది యమున. ఫోను ఎత్తొద్దని పదేపదే చెప్పింది.

తను వంటింట్లో ఉండగా ముసలామె ఫోను మోగింది. కట్టమ్మ ఎత్తింది.

యమున వచ్చి చూసేసరికి మంచం మీద దుప్పటి నాలుగు మడతలు వేసి ఉంది. దాని మీద, తను కప్పుకోమని ఇచ్చిన స్వెట్టరు. మనిషి లేదు! పక్క పోర్షన్ ఆవిడ గేటు దగ్గర చెప్పింది... "ఏడ్సుకుంట పోయిందమ్మా. తమ్ముడు సచ్చిపోయిండట."

అదిగో!

ఏటూరునాగారం బోర్డు! బస్సు కదులుతోంది!

యమున పక్కనే పరుగెత్తి రేకు మీద దబదబా బాదుతుంది. బస్సు ఆగుతుంది. తలుపులోంచి లేడీ కండక్టర్ తల బయటికి వస్తుంది.

"చేతులు ఇరగ్గొట్టుకుంటవా మేడం? ఎక్కుతె ఎక్కు!"

మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి చూస్తుంది యమున.

బస్టాండు గేటు దగ్గర ఒక బైకు. నల్ల హెల్మెట్. తన వీధి చివర టీ కొట్టు దగ్గర రోజూ కనిపిస్తున్న అదే హెల్మెట్!

వాడికి కంగారు లేదు. చేతిలో టీ గ్లాసు. చివరి గుక్క తాగుతాడు... గ్లాసు గోడ మీద పెడతాడు... తాపీగా కిక్ కొడతాడు.

"ఆధార్ ఉన్నదా?" కండక్టర్.

"ఏంది?"

"ఆధార్ కార్డు మేడం! ఉంటె జీరో టికెట్. లేకుంటె పైసలు తియ్యి. ఆ పిండి చెయ్యి నాకు తాకియ్యకు, మిషన్ ఖరాబైతది."

కట్టమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. కాళ్ళకు చెప్పులు లేవు. కొంగు నోట్లో కుక్కుకుంది.

యమున పక్కన కూలబడుతుంది.

"దిగుదాం అమ్మా. శ్రీకాంత్ కారు వస్తాంది."

"మొగిలి పోయిండు బిడ్డా."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

కట్టమ్మ గబుక్కున ఆమె నోటి మీద చెయ్యి పెడుతుంది.

"తప్పు! అట్ల అడుగొద్దు. చావు కబురు తెచ్చినోన్ని ఎవడు, ఎట్ల అని అడిగితె ఇంకో పీనుగ లేస్తది. మాలో అడుగరు. వినాలె... లేచి పోవాలె. గంతే."

యమునకు తడుతుంది. అంటే... ఫోను చేసినవాడికి ఈ సంగతి తెలుసు! ఎవరని అడగరని తెలుసు!

"మరి రేపు?"

"ఏం రేపు? ఇంటికి పెద్దను నేనే. మట్టి నేనే వెయ్యాలె. మూడొద్దులు పొలిమేర దాటొద్దు."

"మూడొద్దులా! ఆయన ఒక్క రోజే కూసుంటడమ్మా! నలభై ఇండ్లు..."

"తమ్ముని పీనుగను ఇడిసిపెట్టి వచ్చినదాని మాట ఎవడు నమ్ముతడు బిడ్డా? నేనే నమ్మ."

యమున ఇంక వాదించదు. మొగిలి నంబరు నొక్కుతుంది.

రింగ్... రింగ్...

ఎత్తారు!

"హలో."

ఆ గొంతు యమునకు తెలుసు. కేసు పని మీద ఎన్నోసార్లు విన్నదే!

"మొగిలన్నా?"

బరువైన ఊపిరి... కట్!

మళ్ళీ చేస్తుంది. స్విచ్ఛాఫ్.

"బతికే ఉన్నడమ్మా! నా చెవుల్తోని ఇన్న! అబద్ధం కబురు! నిన్ను బయటికి గుంజనీకె ఆడిన నాటకం!"

కట్టమ్మ ముఖంలో వెలుగు రాదు. భయం వస్తుంది!

"బతికున్నోనికి చావు కబురా? అయ్యో... అయితె ఇంకా జల్ది పోవాలె!"

"ఎందుకు?"

"కబురు బయల్దేరింది బిడ్డా. అది ఉత్తగ మళ్ళిపోదు. ఇన్నదాన్ని నేను. నా చేత్తోని వాని నోట్ల నీళ్ళు పొయ్యాలె. తెల్లారేలోపు పొయ్యకుంటె నిజమే అయితది."

"అమ్మా... అది ఒట్టి నమ్మకం."

"మీ కోర్టుల దేవుని మీద ఒట్టేయిస్తరు గద? అదేంది మరి?"

ముందు సీటు ముసలాయన కిసుక్కున నవ్వుతాడు.

యమున వంగి డ్రైవరు పక్క అద్దంలోకి చూస్తుంది. బస్సు వెనక ఒకే ఒక్క హెడ్‌లైటు. ముందుకు రాదు. వెనకబడదు.

తరమడం లేదు... సాగనంపుతున్నాడు!

ఇది ఉచ్చు. అందులోకే పోతున్నారు. బస్సులోంచి ముసలామెను లాక్కుపోవచ్చు. లాక్కుపోయి కమిషనర్ ముందు నిలబెట్టవచ్చు. కానీ బలవంతంగా నోరు తెరిపించడం తన వల్ల కాదు!

"నీళ్ళు పోసినంక నా ఎంబడి వస్తవా?"

"నీళ్ళు పోస్తె చావు లేనట్టే. ఇంక ఆగేదేమున్నది? వస్త."

"ఒట్టు?"

"నీ చపాతి తినకుంట వచ్చిన గద. వచ్చి తింట."

శ్రీకాంత్‌కు మెసేజ్ కొడుతుంది. 'బస్సు వెనకే రా. ఇప్పలగూడెం.'

పోలీసులకూ ఫోను చేస్తుంది. అవతలి గొంతు ఓపిగ్గా అడుగుతుంది... "ఎవరన్న చచ్చిన్రా మేడం?"

"లేదు."

"కొట్టిన్రా?"

"లేదు. బతికున్న మనిషి చచ్చిండని ఫోన్ చేసిన్రు."

"పొద్దున స్టేషన్‌కు రండి. చూద్దాం."

కిటికీ బయట ములుగు దీపాలు వెనక్కి పోతాయి. ఆ తర్వాత దీపాలు లేవు. అడవే!

* * *

ఇప్పలగూడెం మలుపు దగ్గర బస్సు దిగుతారు. శ్రీకాంత్ కారు వచ్చి ఆగుతుంది. మట్టిదారి. గుంతలు. అద్దాలను కొమ్మలు గీరుతున్నాయి.

"మేడం, బైకోడు వస్తాండు."

"తెలుసు. పోనియ్యి."

"వాపస్ పోదాం మేడం. నాకు చిన్న పిల్ల ఉన్నది."

"పోనియ్యి శ్రీకాంత్!"

ఊరి మొదట్లోనే బైకు ఆగిపోతుంది. లైటు ఆరిపోతుంది.

అన్ని ఇళ్ళ తలుపులూ మూసి ఉన్నాయి. సందుల్లోంచి బల్బుల వెలుతురు. లోపల మేలుకునే ఉన్నారు. ఒక్కరూ బయటికి రారు!

మొగిలి ఇంటి ముందు పాడె లేదు. ఏడుపు లేదు. అరుగు మీద మొగిలి ఒక్కడే... బనీను, లుంగీ... మోకాళ్ళు కావలించుకుని కూర్చున్నాడు.

కట్టమ్మ కారు పూర్తిగా ఆగకముందే దిగేస్తుంది. కుండలో చెంబు ముంచుతుంది. తమ్ముడి గడ్డం పట్టి తల పైకెత్తుతుంది.

"తాగు!"

తాగుతాడు. కళ్ళ నీళ్ళు, కుండ నీళ్ళు కలిసి గడ్డం మీదుగా కారతాయి. ఆమె చెంబు ఖాళీ అయ్యేదాకా వదలదు.

తర్వాత చెంప పగలగొడుతుంది!

"ఇప్పుడు చెప్పు! కబురు ఎవడు పంపిండు?"

"నేనే అక్కా."

కట్టమ్మ చేతిలోని చెంబు కింద పెడుతుంది.

"నేనే ఫోన్ చేయించిన. నా చావు నేనే చెప్పించిన. రేపు నువ్వు కోర్టు మెట్లెక్కకముందే నిన్ను లారీ కింద ఏస్తమన్నరు కాంట్రాక్టరు మనుషులు. నిన్ను రేపు పొద్దుమూకేదాక ఊర్లె ఆపుకుంటె నీ జోలికి రామన్నరు. లారీ అని చెప్తె ఆగుతవా నువ్వు?"

"లారీకి ఆగుతనా? ఎలుగుబంటినే కట్టెతోని ఉరికిచ్చిన."

"అందుకే అక్కా. చావుకు తప్ప నువ్వు దేనికీ ఆగవు."

యమున ముందుకొస్తుంది. "మొగిలన్నా, ఇను. ఈ కారులనే పోతం. ఎనక గేటు నుంచి. కమిషనర్‌కు ముందే చెప్త. రక్షణ అడుగుత."

"ఇస్తరా?"

"అడుగుత."

"ఇస్తరా అని అడిగిన వకీలమ్మా."



కట్టమ్మ తమ్ముడి పక్కన కూర్చుంటుంది. కొంగుతో వాడి గడ్డం తుడుస్తుంది. గొంతు మెత్తబడుతుంది.

"అయ్య బొంద ఏడున్నదిరా? ఆ గుట్ట కిందనే గద? అమ్మది? పోయినేడు పోయిన నీ పెండ్లాంది? రేపు వాటి మీదికి మిషన్ ఎక్కుతాంటె నన్ను ఒళ్ళె కూసొబెట్టుకొని చూస్తవా?"

మొగిలి గుట్ట వైపు చూస్తాడు.

"నేనింక ఎన్నొద్దులు బతుకుత? పోనియ్యిరా. చెప్పేది చెప్పి పోత."



"అయితె పోవుడేనా అక్కా?"

"పోవుడే. నువ్వు గూడ రా. ఇద్దర్ని తొక్కాలంటె లారీకి జర కష్టమైతది."

మొగిలి నవ్వుతాడు! వాళ్ళు వచ్చినప్పటి నుంచీ మొదటిసారి!

"సరే. బనీను మీద వస్తె కోర్టోళ్ళు నవ్వుతరు. అంగి ఏసుకొని వస్త."

లేస్తాడు. అక్క పాదాలు ముట్టుకుంటాడు. లోపలికి పోతాడు.

యమున ఫోనులో టైము చూస్తుంది. టైముంది... బోలెడు టైముంది! తెల్లవారకముందే హనుమకొండ చేరొచ్చు. స్నానం చేయించి, నాలుగు ముద్దలు తినిపించి...

శ్రీకాంత్ కారు తిప్పుతాడు. కట్టమ్మ తలుపు పట్టుకుని అరుస్తుంది.

"జల్ది రారా! పెండ్లికొడుకు లెక్క తయారైతాన్నవా?"

ఢాం!

ఇంటి కప్పు అదిరింది. చెట్ల మీది పక్షులన్నీ ఒక్కసారి లేచాయి!

యమున లోపలికి దూకుతుంది.

గోడకు చేరగిలబడి మొగిలి. ఒళ్ళో నాటు తుపాకీ. గదంతా మందు వాసన. కొయ్యకు అంగి అలాగే వేలాడుతోంది.

బతికి లేడు. దగ్గరికి పోనక్కర్లేదు... తెలిసిపోతుంది.

బయటికి వస్తుంది. చెప్పాల్సిన అవసరం లేదు. కట్టమ్మ కారు తలుపు వదిలేసింది. గడప ముందు నేల మీద కూర్చుంటోంది... మెల్లగా... ఒక చెయ్యి నేలకు ఆనించి.

"అమ్మా..."

"నా చేత్తోనే తాగిండు గద బిడ్డా."

"అమ్మా, ఒక్క పూట... పొద్దున పోయి మధ్యాహ్నానికల్లా... నేనే తీసుకొస్త..."

కట్టమ్మ తలెత్తి చూస్తుంది.

ఒక్కొక్క తలుపే తెరుచుకుంటుంది. ఆడవాళ్ళు వస్తున్నారు. మగవాళ్ళు వస్తున్నారు. ఎవరూ ఏమైందని అడగరు. వచ్చి ముసలామె చుట్టూ కూర్చుంటున్నారు.

నలభై ఇళ్ళు!

యమున పరుగెడుతుంది. ఊరి మొదటికి... చీకట్లోకి... ఆ బైకు దగ్గరికి!

వాడు హెల్మెట్ తీసేసి ఉన్నాడు. పాతికేళ్ళు ఉంటాయేమో. చెంపల మీద తడి. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఆమెను చూస్తూనే మాట్లాడుతున్నాడు.

"అయిపోయింది సార్... మనం కాదు సార్... మొగిలే... ఆఁ, ముసల్ది రాదు. మూడొద్దులు కదలదు."

అవతల ఎవరో ఏదో అడుగుతారు.

వాడు కళ్ళు దించుకుంటాడు.

"నాకెర్కే సార్. నేను గూడ కోయోన్నే."